మెదడులో గడ్డకు సూది బయాప్సీ: స్కాన్ దగ్గర్నుంచి రిపోర్టు దాకా, ఎక్కడ ఏం తప్పుతుంది?

కొండారెడ్డి_బురుజు · కర్నూలు · #1

ఎం.ఆర్.ఐ. రిపోర్టు ఆఖరి వరసలో "గ్లయోమా కావచ్చు, టీబీ గడ్డ కావచ్చు, లింఫోమాను తోసిపుచ్చలేం, బయాప్సీ చేయించండి" అని ఉంటే (గ్లయోమా మెదడులోని ఆధార కణాల గడ్డ, లింఫోమా తెల్ల రక్తకణాల క్యాన్సర్, బయాప్సీ అంటే పరీక్షకు ముక్క తీయడం) ఏం చేయాలని ఇక్కడ నెలనెలా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. జవాబులు ఒక్కోటి ఒక్కో చర్చలో పడి ఉన్నాయి. ఈసారి అన్నీ ఒకే చోట ఉండాలని ఈ దారం మొదలుపెడుతున్నా. న్యూరోసర్జరీ, రేడియాలజీ, పాథాలజీ, మైక్రోబయాలజీ, మత్తు విభాగం, ఓటీ (ఆపరేషన్ గది) వాళ్లు ఎవరి పని వాళ్లు రాయండి. పేషెంట్ల వివరాలు, సొంత అనుభవాలు వద్దు. కొలతలు, మోతాదులు, క్రమం, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నవే కావాలి.

మొదటి ప్రశ్న నాదే. సూది బయాప్సీ ఎవరికి, తల తెరిచి గడ్డ తీసేసే ఆపరేషన్ ఎవరికి?

పెన్నా_న్యూరో · అనంతపురం · #2

గడ్డ మెదడు పైభాగంలో ఉండి, పెద్దదై, పక్క భాగాలను నొక్కుతూ, చేయి కాలు పడిపోకుండా తీయగలిగే చోట ఉంటే సూదితో పని లేదు. తెరిచి తీయడమే మేలు. ఒత్తిడీ తగ్గుతుంది, ముక్కా దండిగా దొరుకుతుంది. సూది ఎప్పుడంటే: గడ్డ థాలమస్, బేసల్ గాంగ్లియా, కార్పస్ కలోసమ్ లాంటి లోతైన చోట ఉన్నప్పుడు, మాటకు, కదలికకు సంబంధించిన చోట పాకినప్పుడు, ఒకటికి మించి ఉన్నప్పుడు, పెద్ద ఆపరేషన్‌ను ఒళ్లు తట్టుకోలేనప్పుడు, అన్నిటికన్నా ముఖ్యంగా లింఫోమా అనుమానం ఉన్నప్పుడు. లింఫోమాకు వైద్యం కీమోథెరపీ. గడ్డంతా తీసేయాలని చూడటంలో ప్రయోజనం కంటే ప్రమాదమే ఎక్కువ.

సూది అసలు పెట్టకూడనివీ ఉన్నాయి. రక్తనాళాల ముడి, కావర్నోమా (రక్తనాళాల గుత్తి), హిమాంజియోబ్లాస్టోమా (రక్తనాళాలు దట్టంగా ఉండే గడ్డ), పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డలా కనిపించే అన్యూరిజమ్ (ఉబ్బిన రక్తనాళం). అనుమానం వస్తే ముందు యాంజియోగ్రామ్.

పీనియల్ ప్రాంతపు (మెదడు నడుమ వెనకవైపు) గడ్డలకు, ముఖ్యంగా కుర్రవాళ్లలో, సూది కంటే ముందు రక్తంలోనూ వెన్నునీటిలోనూ ఏ.ఎఫ్.పీ., బీటా హెచ్.సీ.జీ. అనే గడ్డ గుర్తులు చూడాలి. అవి స్పష్టంగా పెరిగి ఉంటే జర్మ్‌సెల్ గడ్డ అని అక్కడే తేలుతుంది, బయాప్సీ లేకుండానే వైద్యం మొదలవుతుంది. యాభై దాటిన మనిషికి రెండు మూడు గడ్డలుంటే ఛాతీ, పొట్ట సీటీ ముందు తీయండి. ఊపిరితిత్తిలోనో, మెడ గ్రంథిలోనో మూలం కనిపిస్తే ముక్క అక్కడి నుంచి తీయడం తేలిక. అందరికీ హెచ్.ఐ.వీ. పరీక్ష చేయాలి, ఎందుకంటే అది ఉంటే టాక్సోప్లాస్మా (ఒక పరాన్నజీవి), లింఫోమా రెండూ జాబితాలో పైకి వస్తాయి.

అనంత_స్కాన్ · అనంతపురం · #3

రేడియాలజీ వైపు నుంచి. ముందుగా ఒక మనవి. మన జిల్లాల నుంచి బెంగళూరు నిమ్హాన్స్‌కో, హైదరాబాద్ నిమ్స్‌కో, తిరుపతి స్విమ్స్‌కో పోయేవాళ్లు చేతిలో ఫిల్ములే పట్టుకుపోతారు. సూది దారి గీయడానికి ఫిల్ము పనికిరాదు, ఫోనులో తీసిన ఫోటో అసలే పనికిరాదు. డైకామ్ (స్కాన్ యంత్రం అసలు బొమ్మల) ఫైళ్లున్న సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ కావాలి. స్కాన్ సెంటరు దగ్గర అడిగి తీసుకోండి, అక్కడే ఒకసారి తెరిపించి చూసుకోండి.

మామూలు ఎం.ఆర్.ఐ.లో ముక్కలు 5 మి.మీ. మందం, మధ్యలో ఖాళీలు. దానితో గురి కుదరదు. కావాల్సింది కాంట్రాస్ట్ (గడ్డను మెరిపించే మందు) ఇచ్చాక తీసే త్రీడీ టీ1 బొమ్మ, 1 మి.మీ. మందం, మధ్యలో ఖాళీ సున్నా, తలంతా. నావిగేషన్ (కెమెరా, తెర సాయంతో సూదికి దారి చూపే యంత్రం) వాడేచోట ముక్కు కొన, రెండు చెవులు కూడా బొమ్మలో పడాలి. హెడ్‌ఫోన్ దిండ్లు చెంపల్ని నొక్కి చర్మం ఆకారం మార్చేస్తాయి, ఆ తరవాత ఓటీలో ముఖం బిందువులు సరిపోవు. చిన్న విషయంలా ఉంటుంది కానీ 3, 4 మి.మీ. తేడా ఇక్కడే పుడుతుంది. వీటికి తోడు ఎం.ఆర్.ఐ.లోనే వేరే రకాల బొమ్మలు: ఫ్లెయిర్, డిఫ్యూజన్, ఎస్.డబ్ల్యూ.ఐ. కాంట్రాస్ట్‌కు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడాలి, ఈ.జీ.ఎఫ్.ఆర్. (కిడ్నీ వడపోత వేగం) 30 కంటే తక్కువుంటే గాడోలినియం (ఆ కాంట్రాస్ట్ మందు) విషయంలో జాగ్రత్త.

ఇక "గ్లయోమానా, టీబీనా" అన్న చిక్కు. ఉంగరంలా మెరిసే గడ్డ మన ప్రాంతంలో ఎన్నో రకాలు కావచ్చు. డిఫ్యూజన్‌లో నడుమ భాగం తెల్లగా వెలిగితే చీము గడ్డ వైపు మొగ్గు. టీ2లో నడుమ నల్లగా ఉండి, స్పెక్ట్రోస్కోపీలో (కణజాలంలోని రసాయనాలు చూపే స్కాన్) 1.3 పీ.పీ.ఎం. దగ్గర కొవ్వు శిఖరం ఒక్కటే పైకి లేచి, కోలిన్ (కణాలు చురుగ్గా పెరిగే చోట ఎక్కువయ్యే రసాయనం) పెద్దగా లేకపోతే టీబీ గడ్డ వైపు. 20 మి.మీ. లోపు ఉండి, నడుమ చుక్కలా పురుగు తల కనిపిస్తే సిస్టిసర్కోసిస్ (బద్దెపురుగు పిల్ల తిత్తి). ఉంగరం ఒక పక్క తెగి, ఆ తెరపి కార్టెక్స్ (మెదడు పై పొర) వైపు ఉంటే డీమైలినేషన్ (నరాల తొడుగు చెడిపోయే జబ్బు) గుర్తుకు రావాలి. ఇవన్నీ మొగ్గులే, తీర్పులు కావు. గ్లయోబ్లాస్టోమాలో (అతి తీవ్రమైన గ్లయోమా) కూడా చచ్చిన కణజాలం వల్ల కొవ్వు శిఖరం లేస్తుంది. అందుకే రిపోర్టులో "కావచ్చు" అని రాస్తాం.

హంద్రీ_తీరం · కర్నూలు · #4

సార్, మాలాంటి బంధువుల తరఫున ఒక ప్రశ్న. టీబీ అనుమానం ఉన్నప్పుడు తలలో సూది ఎందుకు, రెండు నెలలు టీబీ మందులు వాడి చూద్దాం అని కొందరు చెబుతారు. అది తప్పా?

పెన్నా_న్యూరో · అనంతపురం · #5

@హంద్రీ_తీరం, అన్నివేళలా తప్పు కాదు. ఛాతీలో టీబీ రుజువై ఉండి, గడ్డ చిన్నదై, స్కాన్ పోలికలన్నీ టీబీవే అయితే మందులు పెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకు స్కాన్ చేసి చూడటం సమంజసమే. చిక్కు ఇంకోచోట ఉంది. టీబీ మందులతో పాటు డెక్సామెథసోన్ కూడా ఇస్తారు. ఆ స్టెరాయిడ్‌కు లింఫోమా కరిగిపోతుంది, గ్లయోమా చుట్టూ ఉన్న వాపు తగ్గుతుంది. తలనొప్పి పోతుంది, మనిషి లేచి తిరుగుతాడు, ఇంట్లో అందరూ "చూడండి, టీబీయే" అనుకుంటారు. ఒకటి రెండు నెలలకు అదే గడ్డ రెట్టింపై వస్తుంది. తిరగేసి కూడా జరుగుతుంది: నిజంగా టీబీ గడ్డే అయినా మొదటి వారాల్లో మందులు పనిచేస్తుండగానే అది పెరిగినట్టు కనిపించవచ్చు, అప్పుడు "టీబీ కాదు" అని మందులు ఆపేస్తారు. అంటే మందుకు వచ్చే స్పందన రెండు వైపులా మోసం చేయగలదు. ఛాతీలో గానీ గ్రంథుల్లో గానీ వెన్నునీటిలో గానీ ఏ రుజువూ లేకపోతే, గడ్డ సూదికి అందే చోట ఉంటే, ముక్క తీయడమే న్యాయం.

స్లయిడు_కడప · కడప · #6

స్టెరాయిడ్ మాట వచ్చింది కాబట్టి పాథాలజీ వైపు నుంచి గట్టిగా చెబుతా. లింఫోమా అనుమానం ఉన్న మనిషికి బయాప్సీకి ముందు డెక్సామెథసోన్ పడితే ఆ కణాలు చచ్చిపోతాయి. స్లయిడు మీద మాకు దొరికేది మాక్రోఫేజ్‌లు, కొద్దిగా టీ కణాలు (చచ్చినవాటిని ఊడ్చే, రోగంతో పోరాడే కణాలు). "నిర్ధారించలేం" అని రాయాల్సి వస్తుంది. సర్జను గురి తప్పలేదు, ముక్క సరైన చోటి నుంచే వచ్చింది, అయినా జవాబు లేదు. వాపు వల్ల ప్రాణానికి ముప్పు ఉంటే స్టెరాయిడ్ ఇవ్వాల్సిందే, అందులో వాదన లేదు. ముప్పు లేనప్పుడు, ఊరికే తలనొప్పి ఉందని వేయకూడదు. మానిటాల్‌తోనో, 3 శాతం సెలైన్‌తోనో, ఫిట్స్ మందులతోనో నెట్టుకురావచ్చు.

ఇప్పటికే వాడేసి ఉంటే ఎన్ని రోజులు, ఎన్ని మి.గ్రా., ఆఖరి మోతాదు ఏ రోజు అన్నది మా కాగితం మీద రాయండి.

కొండారెడ్డి_బురుజు · కర్నూలు · #7

@స్లయిడు_కడప మేడమ్, వాడేసి ఉంటే ఆపి ఎన్నాళ్లు ఆగాలి?

స్లయిడు_కడప · కడప · #8

మనిషి నిలకడగా ఉంటే మెల్లగా తగ్గించి ఆపి, కనీసం ఏడు నుంచి పది రోజులు ఆగి, మళ్లీ ఎం.ఆర్.ఐ. తీసి, మెరుపు ఉన్న భాగం ఉంటేనే సూది. గడ్డ పూర్తిగా మాయమైపోయి ఉంటే కనిపించని చోట సూది గుచ్చి లాభం లేదు. అది తిరిగి వచ్చేదాకా దగ్గర దగ్గరగా స్కాన్లతో కాచుకోవాలి. ఈలోగా కంటి డాక్టరు చేత స్లిట్‌ల్యాంప్ పరీక్ష, వెన్నునీరు తీయడం సురక్షితమైతే దానిలో సైటాలజీ, ఫ్లో సైటోమెట్రీ (కణాల పరీక్షలు). కొన్నిసార్లు జవాబు అక్కడే దొరికి తలకు రంధ్రం తప్పుతుంది.

ఓటీ_టేబుల్ · కర్నూలు · #9

ఫ్రేము (సూదికి గురి కుదిర్చేందుకు తలకు బిగించే లోహపు చట్రం) పని నేను రాస్తాను. ఫ్రేముతో మెదడులో గురి చూడటం 1947లో స్పీగెల్, వైసిస్ మనుషుల మీద మొదలుపెట్టారు. 1949లో లార్స్ లెక్సెల్ చాపం (విల్లులా వంగిన కడ్డీ) ఉన్న ఫ్రేము చేశాడు. ఇప్పుడు చాలాచోట్ల వాడేది ఆ వంశం లెక్సెల్ ఫ్రేము గానీ, సీ.ఆర్.డబ్ల్యూ. గానీ. సూత్రం ఒకటే: గడ్డను చాపం కేంద్రంలోకి తెస్తే, చాపం మీద ఏ కోణం నుంచి దిగినా సూది కేంద్రానికే చేరుతుంది. లెక్సెల్‌లో ఆ దూరం 190 మి.మీ., సీ.ఆర్.డబ్ల్యూ.లో 160. ఒకదాని సూది ఆపును ఇంకోదానికి పెట్టేస్తే 30 మి.మీ. తేడా. రెండు రకాలూ ఉన్న ఓటీలో ట్రేలు వేరువేరుగా కట్టాలని పట్టుబట్టేది ఇందుకే.

ఫ్రేము బిగించడం: నాలుగు పిన్నులు, రెండు ముందు, రెండు వెనక. చర్మం, దాని కింద ఎముక పొర దాకా మత్తు సూది. పిన్నులను ఎదురెదురు మూలల జంటగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక్కటే పూర్తిగా బిగిస్తే ఫ్రేము ఒరుగుతుంది. పాత ఆపరేషన్ చేసిన ఎముక, షంట్ గొట్టం (మెదడు నీటిని మళ్లించేది), కణత పలుచ ఎముక, నుదుటి సైనస్, ఇవి తప్పించాలి. ఫ్రేము అడుగు కంటి మూల నుంచి చెవి రంధ్రం గీతకు దాదాపు సమాంతరంగా ఉండాలి, గడ్డ ఎత్తు ఫ్రేము నడుమకు దగ్గరగా రావాలి. గడ్డ కింది వైపు ఉంటే ఫ్రేమును ఇంకా కిందికి పెట్టాలి. ఇది మరచిపోతే సీటీ తీశాక ఆ జెడ్ (ఎత్తు) విలువ చాపానికి అందదు, మొత్తం విప్పి మళ్లీ మొదలు. గడ్డ ఉన్న ఎత్తులోనే పిన్ను పడితే సీటీలో దాని మెరుపు గీతలు గడ్డ మీదుగా పోతాయి, అది కూడా చూసుకోవాలి.

సీటీ: గ్యాంట్రీ (స్కాన్ వలయం) వంపు సున్నా, 1 మి.మీ. ముక్కలు, ఫ్రేము మీద ఎన్ ఆకారపు కడ్డీల పెట్టె. ప్రతి ముక్కలో పక్కకు మూడేసి చుక్కలు పడతాయి. వాలు కడ్డీ చుక్క మిగతా రెండింటి మధ్య ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి ఆ ముక్క ఎత్తు లెక్క తేలుతుంది. ఒక్క చుక్క తెగినా సాఫ్ట్‌వేరు ఒప్పుకోదు, ఒప్పుకున్నా మనం ఒప్పుకోకూడదు. తరవాత ముందే తీసిన ఎం.ఆర్.ఐ.ని ఈ సీటీ మీద కలిపి, వెంట్రికిల్ (మెదడులోని నీటి గది) అంచులు, ఎముక అంచులు కలిశాయా అని కంటితో చూడాలి.

ఓటీ_టేబుల్ · కర్నూలు · #10

పై పోస్టులో ఒకటి మిగిలింది, అదే అన్నిటికన్నా ప్రమాదం. లెక్సెల్‌లో నడిబొడ్డు 100, 100, 100. ఎక్స్ పేషెంటు కుడి నుంచి ఎడమకు పెరుగుతుంది, వై వెనక నుంచి ముందుకు, జెడ్ పై నుంచి కిందికి. అంటే ఎక్స్ 100 దాటితే గడ్డ ఎడమ పక్క, జెడ్ 100 దాటితే నడుమ కంటే కింద. సంఖ్యలు పెట్టేటప్పుడు ఒకరు చదవాలి, ఒకరు పెట్టాలి, మూడో మనిషి తెర చూడకుండా ఫ్రేము మీది స్కేలు చదివి పైకి చెప్పాలి. అది తెరతో కలవాలి. కత్తి పట్టే ముందు "గడ్డ కుడా, ఎడమా" అని స్కాన్ చూసి బిగ్గరగా ఒకసారి అనుకోవాలి. 85, 115 తారుమారైతే 30 మి.మీ. అటుపక్క.

నల్లమల_నావిగేటర్ · కర్నూలు · #11

ఇంత తతంగం ఎందుకన్నా, ఇప్పుడు ఫ్రేము లేని నావిగేషన్ వచ్చింది కదా? తలను మూడు పిన్నుల క్లాంపులో పెట్టి, కెమెరాతో ముఖం బిందువులు కలిపి, సూది దారి తెర మీద చూస్తూ దిగొచ్చు. పొద్దున ఫ్రేము బిగించి సీటీకి మోసుకుపోయే బాధ లేదు, పూర్తి మత్తులో హాయిగా అయిపోతుంది. రోగనిర్ధారణ దొరికే శాతంలోనూ పెద్ద తేడా లేదని చాలా కేంద్రాల అనుభవం.

పెన్నా_న్యూరో · అనంతపురం · #12

@నల్లమల_నావిగేటర్, 2 సెం.మీ. దాటిన, పైపైన ఉన్న గడ్డకు మీతో పూర్తిగా ఏకీభవిస్తా. 1 సెం.మీ. థాలమస్ గడ్డకు, బ్రెయిన్‌స్టెమ్‌కు నా ఓటు ఫ్రేముకే. ఫ్రేము లోపం సుమారు 1 మి.మీ., ఫ్రేము లేకుండా 2 నుంచి 3. ఒకటి గుర్తుంచుకోవాలి: నావిగేషన్ యంత్రం తెర మీద చూపే "1.4 మి.మీ." లాంటి సంఖ్య ముఖం బిందువులు ఎంత బాగా కలిశాయన్నదానికి, లోపలి గడ్డ దగ్గర లోపానికి కాదు. ముఖం బిందువులు ముందు వైపు ఉంటాయి కాబట్టి తల వెనక, లోతున లోపం పెరుగుతుంది. ప్రోబు కొనను ముక్కు మొదలు, కంటి మూల, చెవి ముందు మిట్ట మీద ఆనించి తెర మీద కూడా అక్కడే ఉందా అని చూడకుండా సూది దించకూడదు. గుడ్డలు కప్పాక రిఫరెన్స్ నక్షత్రానికి (కెమెరా చూసే గురుతుకు) చేయి తగిలి కదిలిందంటే తెర నమ్మకంగా అబద్ధం చెబుతూనే ఉంటుంది.

నల్లమల_నావిగేటర్ · కర్నూలు · #13

ఒప్పుకుంటా. చిన్న, లోతు గడ్డకు ఫ్రేమే. కానీ ఫ్రేము లేదన్న ఒక్క కారణంతో మనిషిని 200 కిలోమీటర్లు పంపే ముందు గడ్డ సైజు, లోతు చూసి నిర్ణయించమనే నా మాట.

పెన్నా_న్యూరో · అనంతపురం · #14

అది న్యాయమైన మాట. ఇప్పుడు సూది దారి, సూది.

దారి గీయడం: ప్రవేశం గైరస్ (మెదడు మడత) నెత్తి మీద నుంచి ఉండాలి, సల్కస్ (మడతల మధ్య గాడి) లోంచి కాదు, ఎందుకంటే నాళాలు సల్కస్‌లో దాక్కుంటాయి. వెంట్రికిల్ గోడను దాటకూడదు: నీళ్లు పోతే మెదడు జరుగుతుంది, గోడ కింది సిర తెగవచ్చు. లోతు గడ్డలకు చాలావరకు కరోనల్ కుట్టు (పుర్రె ఎముకల అతుకు) దగ్గర, ముక్కు మొదలు నుంచి 11 సెం.మీ. వెనక, నడి గీత నుంచి 2.5 నుంచి 3 సెం.మీ. పక్కకు ప్రవేశం సరిపోతుంది. తెర మీద సూది వెంటే నడిచే దృశ్యంలో మొదటి మి.మీ. నుంచి ఆఖరి మి.మీ. దాకా ఒక్కొక్కటే చూస్తూ దిగాలి. పాన్స్ (మెదడు కాండంలో ఒక భాగం) గడ్డకైతే చిన్నమెదడు మీదుగా మిడిల్ పెడంకిల్ (ఆ రెండింటినీ కలిపే కట్ట) దారి గానీ, ముందు నుంచి పొడవు దారి గానీ.

రంధ్రం: ట్విస్ట్ డ్రిల్‌తో 3 మి.మీ. పైచిలుకు గానీ, 14 మి.మీ. బర్ హోల్ గానీ. చిన్న రంధ్రంలో డ్యూరా (మెదడును కప్పే గట్టి పొర) కనిపించదు. దాన్ని పదునైన ప్రోబుతో కాల్చి సరిగా తూటు చేయకపోతే మొద్దు కొన సూది డ్యూరాను లోపలికి నెడుతుంది, ఎముక నుంచి ఊడదీస్తుంది, ఎక్స్‌ట్రాడ్యూరల్ రక్తం చేరుతుంది. పైగా సూది పక్కకు వంగుతుంది. బర్ హోల్‌లో ఉపరితల సిర కంటికి కనబడుతుంది, ఆ లాభం కోసం చాలామంది అదే చేస్తారు. అప్పుడు డ్యూరా కోత చిన్నదిగా ఉంచి, నీళ్లు కారిపోకుండా ఫైబ్రిన్ జిగురో, దూదో పెట్టాలి.

సూది: ఎక్కువగా సెడాన్ రకం. బయటి గొట్టం సుమారు 2 నుంచి 2.5 మి.మీ., కొన మూసి గుండ్రంగా ఉంటుంది, పక్కన 10 మి.మీ. కిటికీ. లోపలి గొట్టానికీ అలాంటి కిటికీయే. రెండూ కలిసేలా తెరిచి, సిరంజితో 1, 2 మి.లీ. లాగుడు పెట్టి, లోపలి గొట్టాన్ని 180 డిగ్రీలు తిప్పితే కిటికీలోకి వచ్చిన కణజాలం తెగుతుంది. లోపలి గొట్టం మాత్రమే బయటికి తీస్తాం, బయటిది అక్కడే ఉంటుంది. వచ్చేది సేమ్యా పోగు ముక్కంత. 5, 10 మి.లీ. లాగేస్తే కణాలు నలుగుతాయి, నాళం తెగుతుంది. ఎంత పెద్ద సిరంజి అయితే అంత ముక్క వస్తుందన్న భ్రమ వదులుకోవాలి.

కిటికీ సూది కొన దగ్గర ఉండదు, కొంచెం పైన ఉంటుంది. గురి పెట్టాల్సింది కిటికీ నడుమను, కొనను కాదు. కొన గురి దాటి ఇంకో 7, 8 మి.మీ. ముందుకు పోయే సూదులున్నాయి. ఆ కొన పోయి ఆగే చోట ఏ నాళం ఉందో కూడా దారి గీసేటప్పుడే చూడాలి. ఏ సూది వాడుతున్నారో దాన్ని స్కేలు పక్కన పెట్టి కొలిచి, ఆపు బిగించండి. కంపెనీ కాగితం మీది అంకె మీద మాత్రమే ఆధారపడొద్దు.

అనంత_స్కాన్ · అనంతపురం · #15

ఏ చోటి ముక్క అన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఉంగరం గడ్డ నడుమ చచ్చిన పదార్థం, అక్కడి ముక్కతో "నెక్రోసిస్" అన్న రిపోర్టే వస్తుంది. మెరిసే అంచు కావాలి. దారి అంచుకు అడ్డంగా పోయేలా గీస్తే ఒకే దారిలో బయటి అంచు, నడుమ, లోపలి అంచు మూడూ దొరుకుతాయి. మెరుపు లేని గ్లయోమాలో పెర్ఫ్యూజన్ (రక్త ప్రసరణ) ఎక్కువున్న చోటు, కోలిన్ ఎక్కువున్న చోటు, వీలుంటే ఎఫ్.ఇ.టీ. పెట్‌లో వెలిగిన చోటు గురి. లేకపోతే గ్రేడు 4 (అంకె పెరిగేకొద్దీ తీవ్రత ఎక్కువ) ఉన్న గడ్డలో గ్రేడు 2 మూల దొరికి వైద్యం తక్కువపడుతుంది.

స్లయిడు_కడప · కడప · #16

ఇక మా బల్ల. గురి దగ్గర కిటికీని గడియారం తిప్పినట్టు నాలుగు వైపులా తిప్పి నాలుగు ముక్కలు, తరవాత 5 మి.మీ. వెనక్కి లాగి ఇంకో రెండు మూడు. నాలుగు నుంచి ఎనిమిది వస్తే మాకు చాలు. మొదటి ముక్కను ఓటీ నుంచి నేరుగా మా దగ్గరికి పంపండి. పొడి గాజ్ పట్టీ గుడ్డ మీద పెట్టొద్దు, అయిదు నిమిషాల్లో ఎండి గుడ్డకు అతుక్కుపోతుంది. సెలైన్‌తో తడిపిన, అంటుకోని ప్యాడ్ మీద పెట్టాలి. సెలైన్‌లో ముంచేస్తే కణాలు ఉబ్బుతాయి. తడి వేరు, ముంచడం వేరు.

అందులో 1 మి.మీ. తీసుకుని రెండు స్లయిడ్ల మధ్య నలిపి లాగుతాం. క్షణాల్లో 95 శాతం ఆల్కహాల్‌లో పడాలి. గాలికి ఆరితే కేంద్రకాలు ఉబ్బి, లేని క్యాన్సర్ కనిపిస్తుంది. టొలూడిన్ బ్లూ రంగు గానీ, తొందర హెచ్ అండ్ ఇ రంగు గానీ వేసి పది, పదిహేను నిమిషాల్లో ఫోను చేస్తాం. ఆ ఫోనులో అడగాల్సిన ప్రశ్న "క్యాన్సరా?" అని కాదు, "ఇది గడ్డ ముక్కేనా, రిపోర్టు ఇవ్వడానికి సరిపోతుందా?" అని. సరిపోతుందన్నాకే ఫ్రేము విప్పాలి. ఉన్న ముక్కలన్నీ ఫ్రోజెన్‌కు (గడ్డకట్టించి కోసే పరీక్షకు) పంపేసేవాళ్లూ ఉన్నారు. మంచు స్ఫటికాలు మెదడు కణజాలాన్ని చిల్లులు పొడిచేస్తాయి, తరవాత అసలు స్లయిడుకు ఏమీ మిగలదు. మెదడుకు నలిపిన స్లయిడే మేలు.

నలిపిన స్లయిడులో మాక్రోఫేజ్‌లు కుప్పలుగా కనిపిస్తే "హైగ్రేడ్ గ్లయోమా" అనేయకుండా చేయి ఆపుకోవాలి. డీమైలినేషన్ కావచ్చు.

దేవుని_కడప · కడప · #17

మైక్రోబయాలజీ నుంచి ఒక్కటే వేడుకోలు. ఫార్మలిన్‌లో పడ్డ ముక్క నుంచి టీబీ కల్చర్ (సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) రాదు. టీబీ, చీము, ఫంగస్ ఏ మాత్రం అనుమానం ఉన్నా కనీసం ఒక ముక్క స్టెరైల్ సెలైన్ కొద్దిగా వేసిన వేరే సీసాలో, అదే రోజు మా దగ్గరికి. దానిలో ఏ.ఎఫ్.బీ. రంగు (టీబీ సూక్ష్మజీవి కనబడేలా), సీబీనాట్ (టీబీ జన్యు పరీక్ష), ద్రవ కల్చర్, ఫంగస్, మామూలు బాక్టీరియా చేస్తాం. సీబీనాట్ జవాబు రెండు గంటల్లో, రిఫాంపిసిన్ (టీబీ మందు) పనిచేస్తుందా లేదా అన్నదానితో సహా. కల్చర్‌కు ఆరు వారాల దాకా. సీబీనాట్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని కాదు, మెదడు గడ్డలో బాక్టీరియా చాలా తక్కువ ఉంటాయి.

ఓటీలో ఒకే రకం మూత ఉన్న రెండు సీసాలు పక్కపక్కన పెట్టొద్దు. ఫార్మలిన్ సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి వేరే బల్ల మీద ఉంచండి. సర్జరీ మొత్తం సరిగ్గా జరిగి ఇక్కడ పోయే కేసులు ఉండకూడదు.

హంద్రీ_తీరం · కర్నూలు · #18

ఇంట్లోవాళ్లు అడిగేవి: మెలకువగా ఉంచి చేస్తారా? ఎంత ప్రమాదం? సూది పెడితే క్యాన్సర్ పాకుతుందా?

మత్తు_విభాగం_అనంత · అనంతపురం · #19

పెద్దవాళ్లకు చాలావరకు చర్మం మత్తు, పైన కొద్దిగా డెక్స్‌మెడిటోమిడిన్ లాంటిది. మాట్లాడుతూ, చేయి కాలు కదుపుతూ ఉంటారు కాబట్టి ఏ తేడా వచ్చినా వెంటనే తెలుస్తుంది. పిల్లలకు, గాభరా పడేవాళ్లకు, మాట వినే స్థితిలో లేనివాళ్లకు పూర్తి మత్తు. ఫ్రేము బిగించాక నోటి ముందు కడ్డీ అడ్డొస్తుంది, అవసరమైతే దాన్ని ఎలా విప్పాలో, తాళంచెవి ఎక్కడుందో మత్తు డాక్టరుకు ముందే తెలియాలి. గట్టిగా సెడేషన్ ఇస్తే శ్వాస తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి, మెదడు ఉబ్బుతుంది. సగం నిద్ర చాలు.

అన్నం ఆరు గంటల ముందు, నీళ్లు రెండు గంటల ముందు ఆపాలి. ఫిట్స్ మాత్ర మాత్రం ఆపకూడదు, పొద్దున గుక్కెడు నీళ్లతో వేయాలి. ప్లేట్‌లెట్లు లక్ష పైన, ఐ.ఎన్.ఆర్. (రక్తం గడ్డకట్టే తీరు పరీక్ష) 1.4 లోపు. ఆస్పిరిన్ ఏడు రోజులు, క్లోపిడోగ్రెల్ అయిదు నుంచి ఏడు, వార్ఫరిన్ అయిదు రోజుల ముందు ఆపాలి, కానీ గుండెకు స్టెంటు పడ్డవాళ్లు కార్డియాలజిస్టును అడగకుండా సొంతంగా ఆపకూడదు. గ్యాస్‌కు, గుండెకు, కీళ్లకు అని పేర్లు తెలియకుండా వాడే మాత్రలు మన దగ్గర ఎక్కువ. అట్టలన్నీ సంచిలో వేసి తీసుకురండి, మేమే చూస్తాం.

పెన్నా_న్యూరో · అనంతపురం · #20

@హంద్రీ_తీరం, మిగతా రెండింటికి: వందలో తొంభై నుంచి తొంభై అయిదు మందికి జవాబు దొరుకుతుంది. లక్షణాలు కనిపించేంత రక్తస్రావం వందలో ఒకరి నుంచి అయిదుగురి దాకా. ప్రాణాపాయం ఒక శాతం అటూ ఇటూ. థాలమస్, బ్రెయిన్‌స్టెమ్ గడ్డలకు ఈ ప్రమాదం ఎక్కువ వైపు ఉంటుంది, ఆ సంగతి సంతకం పెట్టించే ముందే ఇంటివాళ్లకు తెలుగులో కూర్చోబెట్టి చెప్పాలి. సూది దారి వెంట గడ్డ పాకడం చాలా అరుదు. ఆ భయంతో బయాప్సీ మానుకుంటే జరిగే నష్టమే పెద్దది.

సూదిలోంచి రక్తం వస్తే: లోపలి గొట్టం తీసేసి, బయటి గొట్టాన్ని అక్కడే ఉంచి, రక్తాన్ని బయటికి కారనివ్వాలి. స్టైలెట్ (లోపలి కడ్డీ) పెట్టి మూస్తే ఆ రక్తం మెదడులోకే పోతుంది. గోరువెచ్చని సెలైన్ మెల్లగా పోస్తూ, పై బీపీ 140 లోపు ఉంచి, పది నుంచి ఇరవై నిమిషాలు ఓపిక పట్టాలి. చాలావరకు ఆగుతుంది. ఇంకో ముక్క తీయాలన్న ఆశ అక్కడితో వదిలేయాలి. ఆగకపోతే, మనిషి మగతగా మారితే వెంటనే సీటీ, అవసరమైతే తెరవడం. తెరిచే సామాను, రక్తం సంచి సిద్ధంగా లేని చోట ఈ పని మొదలుపెట్టకూడదు.

తరవాత మొదటి గంట పావుగంటకోసారి కంటిపాప, మాట, చేయి కాలు బలం. ఆపైన అరగంటకు, గంటకు. నాలుగు నుంచి ఆరు గంటల మధ్య సీటీ. అందులో గడ్డలో చిన్న గాలి చుక్క కనిపిస్తే సూది అక్కడికే చేరిందనడానికి సాక్ష్యం. అంతా బాగుంటే మర్నాడో, ఎల్లుండో ఇంటికి.

కొండారెడ్డి_బురుజు · కర్నూలు · #21

మేడమ్, ఆఖరుగా రిపోర్టు. ఇంత చిన్న ముక్కతో గ్రేడు దాకా చెప్పగలరా? ఎన్ని రోజులు?

స్లయిడు_కడప · కడప · #22

ముక్క 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్క పరిమాణానికి పది రెట్ల ద్రవంలో, కనీసం ఆరు గంటలు, 72 గంటలు దాటకుండా. దాటితే జన్యు పరీక్షలు చెడతాయి. మామూలు స్లయిడు రిపోర్టు మూడు నుంచి ఏడు రోజులు. ఐ.హెచ్.సీ. (ప్రొటీన్లను చూపే రంగు పరీక్ష) ఇంకొన్ని రోజులు, బయటి ల్యాబులో జన్యు పరీక్షలకు రెండు మూడు వారాలు.

2021 డబ్ల్యూ.హెచ్.ఓ. వర్గీకరణ వచ్చాక సూది ముక్క విలువ పెరిగింది. పెద్దవాళ్లలో పాకే ఆస్ట్రోసైటిక్ గ్లయోమాలో ఐ.డీ.హెచ్. జన్యువులో మార్పు లేకుండా టెర్ట్ జన్యువు ప్రమోటర్ మార్పు గానీ, ఈ.జీ.ఎఫ్.ఆర్. జన్యువు (పైన చెప్పిన కిడ్నీ అంకె కాదు) ప్రతులు పెరగడం గానీ, 7వ క్రోమోజోమ్ పెరిగి 10 పోవడం గానీ ఉంటే, స్లయిడులో నెక్రోసిస్ దొరకకపోయినా గ్లయోబ్లాస్టోమా గ్రేడు 4 అనే చెప్పొచ్చు. ఐ.డీ.హెచ్. మార్పు ఉన్న ఆస్ట్రోసైటోమాలో సీడీకేఎన్2ఏ/బీ జన్యువుల రెండు ప్రతులూ పోతే అదీ గ్రేడు 4. ఐ.డీ.హెచ్. మార్పుతో పాటు 1పీ/19క్యూ అనే క్రోమోజోమ్ భాగాలు రెండూ పోతే ఆలిగోడెండ్రోగ్లయోమా. ఐ.డీ.హెచ్.1 ఆర్132హెచ్ రంగు పరీక్ష ఆ మార్పుల్లో సుమారు తొంభై శాతం పట్టుకుంటుంది. యాభై అయిదు లోపు వయసుండి అది నెగెటివ్ వస్తే సీక్వెన్సింగ్ అడగండి. ఎం.జీ.ఎం.టీ. జన్యువు మిథైలేషన్ టెమొజోలొమైడ్ (కీమో మందు) ఎంత పనిచేస్తుందో సూచిస్తుంది. నడి గీత గడ్డలకు, ముఖ్యంగా పిల్లల్లో, హెచ్3 కె27ఎం జన్యు మార్పు చూడాలి.

ఇన్ని పరీక్షలకు ముక్క చాలాలంటే బ్లాకును పొదుపుగా కోయాలి. మొదట కోసినప్పుడే పది పదిహేను పలుచ కోతలు తీసి పెట్టుకుంటే ప్రతిసారీ బ్లాకును చదును చేస్తూ పారేయాల్సిన పని ఉండదు.

రిపోర్టులో "గ్లయోసిస్ (మెదడు మచ్చ) మాత్రమే" అనో, "నిర్ధారణకు చాలదు" అనో వస్తే అది "క్యాన్సర్ లేదు" అని కాదు. సర్జను, రేడియాలజిస్టు, పాథాలజిస్టు కలిసి ఆపరేషన్ తరవాతి సీటీలో గాలి చుక్క ఎక్కడుందో చూసి, మళ్లీ సూదినా, తెరవడమా, కొన్ని వారాలు ఆగడమా తేల్చాలి.

హంద్రీ_తీరం · కర్నూలు · #23

వేరే ఊరికి రేడియేషన్‌కు పోయేటప్పుడు ఏవి తీసుకెళ్లాలి మేడమ్?

స్లయిడు_కడప · కడప · #24

స్లయిడ్లు ఒక్కటే కాదు, పారఫిన్ బ్లాకు కూడా. అది మీ హక్కు, రాతపూర్వకంగా అడిగి రసీదు ఇచ్చి తీసుకోవచ్చు. బ్లాకును ఎండలో, బస్సు ఇంజను పక్కన పెట్టొద్దు, మైనం కరుగుతుంది. కర్నూలు మే నెల ఎండకు మూసిన కారు డాష్‌బోర్డు మీద కూడా కరుగుతుంది. చిన్న డబ్బాలో దూది వేసి సంచి లోపల పెట్టుకోండి. ఎం.ఆర్.ఐ. సీడీలు, ఆపరేషన్ ముందుదీ తరవాతదీ రెండూ. డిశ్చార్జి కాగితం. స్టెరాయిడ్ ఎప్పటి నుంచి ఎంత వాడుతున్నారో రాసిన చీటీ. ఎన్టీఆర్ వైద్య సేవ కింద పోతుంటే, మీ కార్డుకు ఆ ఆసుపత్రిలో ఆ వైద్యం వర్తిస్తుందా అని బయలుదేరే ముందే అక్కడి పథకం డెస్కుకు ఫోను చేసి కనుక్కోండి.

ఓటీ_టేబుల్ · కర్నూలు · #25

పిన్నులు గుచ్చిన నాలుగు చోట్లనూ రెండో రోజు నుంచి శుభ్రమైన నీళ్లతో కడగొచ్చు, నూనె రాయొద్దు. కుట్లు ఏడు నుంచి పది రోజుల మధ్య తీస్తారు. చీము, జ్వరం, కుట్టులోంచి నీళ్లలాంటిది కారడం, కొత్తగా ఫిట్స్, మాట తడబాటు, ఆగని వాంతులు, వీటిలో ఏది వచ్చినా రిపోర్టు కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి రావాలి.